రామధామం, జన ఎరిక

దేవుణ్ణి ఓడించడానికి ఆదివారమే అనువైన రోజని నేను గట్టిగా నమ్మిన రోజులవి. వారమంతా లౌటోకాలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు వ్యాకరణం చెప్పేవాణ్ణి, శనివారం బట్టలు ఉతుక్కునేవాణ్ణి, ఆదివారం మా తెలుగు సంఘం హాల్లో మూఢనమ్మకాలను ఉతికేవాణ్ణి. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళు దాటింది. జెండా మారింది, పెద్ద బంగళాల్లో మనుషులు మారారు, చెరకు మిల్లు చేతులు మారింది. మా సంఘంలో మాత్రం మైకు మారలేదు, దాన్ని పట్టుకున్న చెయ్యీ మారలేదు. ఆ చెయ్యి మా కార్యదర్శిది. రేవులో క్రేను నడిపేవాడు. అందరూ ఆయన్ని మైక్ మామ అనేవాళ్ళు. (ఆయన మైకు వదిలిపెట్టేది కరెంటు పోయినప్పుడే. అప్పుడు కూడా కాసేపు ఆగి చూసేవాడు.) తాతలు చెరకు తోటల్లో కూలికి ఒప్పుకుంటూ గిర్మిట్ కాగితాల మీద వేలిముద్ర వేసి ఓడెక్కినప్పుడు తెచ్చుకున్న తెలుగు అప్పటికే గుళ్ళోనూ, ముసలివాళ్ళ నోళ్ళలోనూ, తిట్లలోనూ మాత్రమే మిగిలింది. ఇళ్ళలో మాట్లాడుకునేది ఫిజీ హిందీ. నేను మాత్రం మద్రాసు నుంచి పోస్టులో పుస్తకాలు తెప్పించుకుని తెలుగు నేర్చుకున్నాను. అందువల్ల నా తెలుగు నాకు తప్ప మరొకరికి అర్థమయ్యేది కాదు. దాన్ని నేను ప్రజల వెనకబాటుతనం కింద జమకట్టేవాణ్ణి.

అలాంటి కాలంలో మా చెల్లెలు చిట్టికి రాజధాని సువా విశ్వవిద్యాలయంలో లెక్కల చదువుకు సీటు వచ్చింది, ప్రభుత్వ ఖర్చుతో. ఫిబ్రవరిలో ఒక సోమవారం సాయంత్రంలోగా వెళ్ళి చేరాలి, లేకపోతే సీటు వెనకవాళ్ళకు పోతుంది. మా నాయన్ని అడిగింది. మా నాయనకు చెరకు గురించి తప్ప దేనిమీదా సొంత అభిప్రాయం ఉండేది కాదు. "నన్నడక్కు, అవ్వనడుగు," అన్నాడు. అవ్వనడిగితే "నన్నడక్కు, అమ్మవారినడుగుతా," అంది. అమ్మవారు మాత్రం బాధ్యత ఎవరి మీదికీ నెట్టకుండా ప్రతిసారీ ఎర్రపూవు ఇచ్చేది.

ఆ పూల సంగతి చెప్పాలి. మా గుళ్ళో ఏదైనా పెద్దపని తలపెట్టినప్పుడు పూలు అడగడం ఆచారం. ఒక ఎర్ర మందారం, ఒక తెల్ల దేవగన్నేరు. రెంటినీ విడివిడిగా అరిటాకు ముక్కల్లో పొట్లాలు కట్టి ఇత్తడి చెంబులో వేసి కుదుపుతారు. అడిగేవాళ్ళు కళ్ళు మూసుకుని ఒక పొట్లం తీస్తారు. తెలుపు వస్తే సరే, ఎరుపు వస్తే వద్దు. పెళ్ళిళ్ళు, బావులు, ట్రాక్టర్లు అన్నీ అలాగే తేలేవి. ఆ చెంబు వద్దన్నందువల్ల ఒకాయన లారీ కొనడం మానేశాడు, ఆ లారీని కొన్నాయన బాగుపడ్డాడు. అయినా చెంబు పరువు పోలేదు. (మనిషి చెంబులాగా ఒక్కసారి పొరబడితే సంఘంలోంచి తీసేసేవాళ్ళు.) పరీక్షల ఫలితాలు వచ్చినప్పటి నుంచి మా అవ్వ ప్రతి శుక్రవారం గుడికి వెళ్ళి ఒకసారి అడిగేది. ఎరుపు. లేచి కొంగు దులుపుకుని ఇంటికి వచ్చేది. మళ్ళీ శుక్రవారం, మళ్ళీ ఎరుపు.

నేను ఊరుకుంటానా?

"అవ్వా, అది నాణెం ఎగరేసినట్టే. బొమ్మో బొరుసో పడుతుంది. దానికి తెలివి లేదు," అన్నాను.

అవ్వ చింతపండు పిసుకుతూ నావైపు చూడకుండానే అంది: "బొమ్మా బొరుసూ అయితే ఒక తూరైనా బొరుసు పడాల గదా నాయనా. శుక్రారం శుక్రారం ఎరుపే వస్తాండాది. తెలివి లేని నాణేనికి ఇంత పట్టుదల యాడ్నించి వచ్చె?"

జవాబు లేనప్పుడు వాడుకోవడానికి హేతువాదులం ఒక మాటను ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటాం. ఆ మాట 'మోసం'. మరునాడే వెళ్ళి పూజారి తాతను నిలదీశాను. ఆయన అంతకుముందు బస్సు నడిపి రిటైరైన మనిషి. గంట కొట్టినా హారన్ కొట్టినట్టే కొట్టేవాడు. నా ఆరోపణ అంతా విని, "మోసం చేసేవాణ్ణయితే మీ అవ్వకి నచ్చినట్టు కాహే, ఎందుకు చేస్తాను అబ్బయ్యా? నాకు నచ్చినట్టు చేసుకుంటా. చిట్టి సువా పోవాలనే గదా నాకూ ఉండేది," అన్నాడు. ఇంత నిజాయితీగా మాట్లాడేవాడు కచ్చితంగా మోసగాడేనని నేను తేల్చుకున్నాను. వచ్చే నెల ఆదివారం సభలో, సువా నుంచి పెద్ద గణితవేత్తను పిలిపించి, ఈ పూల వెనక మోసాన్ని లెక్కలతో రుజువు చేయిస్తానని సవాలు విసిరాను. ఆ ఆదివారం తెల్లవారితే చిట్టి చేరాల్సిన సోమవారం.

చిట్టి అన్నం వడ్డిస్తూ అడిగింది: "భయ్యా, నువ్వు గెలిస్తే అవ్వ నన్ను పంపిస్తుందా?"

"నేను గెలిస్తే సత్యం గెలుస్తుంది."

"సరే. బస్సెక్కేది సత్యమా, నేనా?"

ఆ ప్రశ్నలో హేతువు లోపించిందని చెప్పి పప్పు వడ్డించమన్నాను.

గణితవేత్తను అంతకుముందు ఉపాధ్యాయుల సమావేశానికి సువా వెళ్ళినప్పుడు యంగోనా అనే మత్తు వేరు పానీయం గిన్నె చుట్టూ కూర్చున్నవాళ్ళలో పరిచయం చేసుకున్నాను. హైదరాబాదు నుంచి కాంట్రాక్టు మీద వచ్చినాయన. సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉండేవాడు. విద్యార్థులు ఆయన్ని 'చెప్పలేం మేష్టారు' అనేవాళ్ళట. ఏం అడిగినా మొదటి మాట "అలా అని చెప్పలేం" అని మొదలయ్యేది. ఆ పేరు విన్నప్పుడే నేను జాగ్రత్తపడి ఉండాల్సింది. కానీ ఆయన రాండమ్ అనే మాట వాడగా విన్నాను, అది చాలనుకున్నాను. స్కూలు ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఉపన్యాసం విషయం ఏం ప్రకటించమంటారని అడిగితే, "రాండమ్‌కీ జెనెరిక్‌కీ ఉన్న సంబంధం అని వేయండి. ఈ మధ్య నేను చూస్తున్నది అదే," అన్నాడు. రెండో మాట ఏమిటో నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఉద్యమానికి మంచిది కాదని ఊరుకున్నాను.

ఆ సంగతి చెప్పడానికి రేవుకు వెళ్ళాను. క్రేను ఇంకా మూలుగుతూనే ఉంది. మైక్ మామ కింద నిలబడి టీ తాగుతున్నాడు. ఏళ్ళ తరబడి ఆ ఇనుప గోల విన్న చెవులు ఆయనవి.

"ఏం సబ్జెక్టు అంటివి?"

"రాండమ్, మామా."

"రామ్‌ధామ్?"

"రాండమ్."

"అదే గదా నేను అంటాండేది. ఇంకోటి?"

"జెనెరిక్."

"జన ఎరిక," అని ఆయన ఒకసారి నోట్లో నానబెట్టుకున్నాడు. "మంచి మాట. మా అమ్మ అంటా ఉండె. నువ్వు నాస్తికుడివని ఊరంతా అంటాండారు గానీ, లోపల బాగుండావు నాయనా."

నన్ను మెచ్చుకున్నవాళ్ళను దిద్దే అలవాటు నాకు అప్పుడూ లేదు.

శుక్రవారం పూజ అయ్యాక ఆయన మైకులో ప్రకటించాడు. నేను గుడికి వెళ్ళను కనుక వినలేదు. విన్నవాళ్ళు తర్వాత చెప్పిన ప్రకారం ఆయన మాటలివి: "ఆదివారం సువా నించి పెద్దాయన వస్తాండాడు. ముందు రామధామం గురించి చెప్తాడు. ఆపైన జన ఎరిక చెప్తాడు. రెండింటికీ ఉండే సంబంధం కూడా చెప్తాడు. అందరూ రావాల. భోజనం ఉండాది." మా పెద్దవాళ్ళ తెలుగులో ఎరిక అంటే తెలివిడి. ఎరిక చెప్పడమంటే మాత్రం చెయ్యి చూసి జరగబోయేది చెప్పడం, అంటే సోది. ఇక జన ఎరిక అంటే ఏమిటి? ఒక్కొక్కరికి కాకుండా జనమందరికీ కలిపి, ఒకేరోజు, భోజనంతో సహా సోది. ఫిజీ దీవుల్లో అటువంటిది ఎవరూ ఎన్నడూ వినలేదు.

ఆదివారం నేను హాలు గుమ్మంలో నిలబడి చూస్తే రోడ్డు మీద మినీబస్సులు వరసగా ఆగుతున్నాయి. బా ఊరి నుంచి, తవువా నుంచి, బంగారు గనులున్న వటుకౌలా నుంచి కూడా కుటుంబాలు దిగుతున్నాయి. గుడి ఆవరణలోనే ఉన్న మా హాల్లో కుర్చీలు చాలక చాపలు వేశారు. చాపలు చాలక కిటికీల బయట నిలబడ్డారు. హేతువాదానికి ఇన్నాళ్ళూ లేనిది ఒక మంచి విషయమే కానీ ఆదరణ కాదని, రాండమ్ అన్న ఒక్క మాటకు ప్రజలు ఇలా కదిలివస్తారని అనుకోలేదు. ఆవేశంలో ప్రారంభోపన్యాసం నేనే చేశాను. చేతి రేఖల మీద, జాతకాల మీద, పూల చెంబు మీద నిప్పులు కురిపించాను. ఒక్కరూ లేచి వెళ్ళలేదు. నా ఉపన్యాసాలకు అది మొదటిసారి. (అసలు మనిషి మాట్లాడేదాకా ఈ కుర్రవాణ్ణి ఓర్చుకోవాలని మైక్ మామ ముందే చెప్పి ఉంచాడట.)

మేష్టారు రాగానే మెడలో దండ వేశారు. కొబ్బరికాయ కొట్టారు. ఒక ముసలామె పాదాలు కడగబోతే ఆయన బూట్లు తీయాలో వద్దో తేల్చుకోలేక ఒక బూటు తీశాడు. "ఇది ఇక్కడి పద్ధతా?" అని నన్ను చెవిలో అడిగాడు. "ఇంకా కొంచెం వెనకబడి ఉన్నారు," అన్నాను. అప్పుడు వటుకౌలా గనిలో పనిచేసే పెద్దాయన ఒకడు ముందుకు వచ్చి అరచెయ్యి చాపాడు. మేష్టారు ఆ చెయ్యి పట్టుకుని మర్యాదగా ఊపాడు. గని ఆయన ఒక క్షణం అలాగే నిలబడి, కళ్ళు తుడుచుకుని, వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. అంతే, జనం క్యూ కట్టారు. వాళ్ళు చెయ్యి చూపించడం, ఈయన పట్టుకుని ఊపడం. "రేఖ కూడా చూడ్డు. పట్టుకుంటేనే తెలిసిపోతాదంట," అని ఆడవాళ్ళ వైపు గుసగుసలు బయలుదేరాయి. ఇంత స్నేహశీలులైన శ్రోతలను సువాలో చూడలేదని మేష్టారు పొంగిపోయాడు.

ఉపన్యాసం మొదలైంది. న్యాయంగా చెప్పాలి, ఆయన బాగా చెప్పాడు. నల్లబల్ల లేదు కనుక బస్సులతో చెప్పాడు.

"ఒక యంత్రం ఉందనుకోండి," అన్నాడు. "రాసిపెట్టిన నియమాల ప్రకారం మాత్రమే నడుస్తుంది. కావలసినంత కాగితం, కావలసినంత సమయం ఇచ్చాం. ఇప్పుడు ఒక ప్రయాణికుడు రోజూ పొద్దున ఇక్కడి నుంచి బా వైపో, నాందీ వైపో పోతాడు. ఎన్నటికీ ఆగకుండా పోతూనే ఉంటాడు. వాడు ఏ రోజు ఎటు పోతాడో ఆ యంత్రం ముందుగా రాసిపెట్టగలిగితే వాడిలో మనకు ఆసక్తి లేదు. యంత్రానికి అందనివాళ్ళే మనకు కావాలి. అందులో రెండు రకాలు ముఖ్యం."

"చెప్పండి స్వామీ," అని ఎవరో అన్నారు. మేష్టారు ఆ స్వామిని సంబోధన కింద తీసుకుని కొనసాగించాడు.

"మొదటివాడు రాండమ్. నాణెం ఎగరేసినట్టు పోతాడు. ఎప్పుడు ఎటో తెలియదు. కానీ కాలం గడిచేకొద్దీ సగం రోజులు బా, సగం రోజులు నాందీ అవుతాయి. వాడి మీద పందెం కాసి ఏ యంత్రమూ బాగుపడదు. ఏ విచిత్రమైన లక్షణమూ వాడిలో దొరకదు. రెండోవాడు జెనెరిక్. వీడి తీరు వేరు. ఎక్కడ ఉన్నా, ఎంత దూరం వచ్చినా, ఫలానా పని జరగడానికి ఇంకా దారి మిగిలే ఉంటే, వీడు ఏదో ఒకరోజు ఆ పని చేసి తీరుతాడు. వరసగా బాకే పోతూ, ఇప్పటిదాకా తిరిగిన కాలమంతకంటే ఎక్కువ కాలం బాకే పోవడం సాధ్యమా? సాధ్యమే. ఎవరూ అడ్డుకోరు. కాబట్టి ఒక దశలో వీడు అదీ చేస్తాడు. తర్వాత నాందీ విషయంలోనూ అదే చేస్తాడు. అందుకే వీడి లెక్క సగానికి సగం దగ్గర ఎన్నటికీ కుదురుకోదు."

"అయితే వాడు మా బావమరిది," అని కిటికీ బయట నుంచి ఒకాయన అన్నాడు. హాలంతా నవ్వింది. మేష్టారు కూడా నవ్వి, "ఉండవచ్చు. కానీ మీ బావమరిది ఇంకా అనంతకాలం బతకాలి," అన్నాడు. ఆ దీవెనకు బావమరిది తరపువాళ్ళు నమస్కారం చేశారు.

"విచిత్రమేమిటంటే," అని ఆయన గొంతు తగ్గించాడు, "ఇద్దరూ మామూలు మనుషులే. మామూలుతనాన్ని ఒకలా కొలిస్తే లోకమంతా మొదటివాళ్ళే. ఇంకోలా కొలిస్తే లోకమంతా రెండోవాళ్ళే. కానీ ఒకే మనిషి ఇద్దరూ కాలేడు. అంతకంటే విచిత్రం ఇంకొకటి. ఇద్దరూ తమ తమ గుణాల్లో పూర్తిగా ముదిరినవాళ్ళయితే, వాళ్ళ మధ్య ఉమ్మడి రహస్యమంటూ ఉండదు. మొదటివాడి ప్రయాణం చూసి యంత్రం కనుక్కోగలిగినది, రెండోవాడి ప్రయాణం చూసీ కనుక్కోగలిగినది, రెండూ ఒకటే అయితే, దాన్ని ఎవర్నీ చూడకుండానే ఆ యంత్రం తనంతట తాను కనుక్కోగలదు."

మా సంఘంలో ఇరుపక్షాలవాళ్ళు కలిసి ఒప్పుకున్న తీర్మానాలు నాకు గుర్తొచ్చాయి. వాటిలోనూ అందరికీ ముందే తెలియని విషయం ఒక్కటీ ఉండేది కాదు. కానీ అప్పుడు నవ్వుకునే తీరిక లేదు. ఎర్రపూల మాట రాకుండానే ఉపన్యాసం అయిపోతోంది. లేచాను.

"మేష్టారూ, సూటిగా చెప్పండి. ఇక్కడ పూల చెంబు ఉంది. ఎరుపు, తెలుపు. నాణెం లాంటిదే. శుక్రవారం శుక్రవారం ఎరుపే వస్తోంది. ఇది మోసం కాదా?"

"అలా అని చెప్పలేం," అన్నాడు ఆయన.

పూజారి తాత తల ఎత్తాడు.

"సగం సగం రావాలని మీరే అన్నారు కదా."

"కాలం గడిచేకొద్దీ అన్నాను. కొన్ని శుక్రవారాలకు ఏం తెలుస్తుంది? రాండమ్‌వాడి ప్రయాణం ఇలా మొదలుకావచ్చు. జెనెరిక్‌వాడిదీ కావచ్చు. ఎవరో చెయ్యి పెట్టిందీ కావచ్చు. మొదలు మాత్రమే చూసి ఎవరిదో చెప్పే మార్గం లేదు."

అవ్వ ముందు వరసలోంచి లేచింది. గెలిచినవాళ్ళ ముఖం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఎన్నోసార్లు అద్దంలో చూసుకున్నాను. "అట్టయితే అది అమ్మవారి మాటే గదా సామీ?"

"అలా అనీ చెప్పలేం అమ్మా."

అవ్వ కూర్చుంది. నేనూ కూర్చున్నాను. దేవుణ్ణీ, నన్నూ ఒకే మాటతో కూర్చోబెట్టిన మనిషి మీద నాకు కలిగిన కోపం ఇంతా అంతా కాదు. ఖర్చుపెట్టి రప్పించింది నేను. కనీసం నా వైపు కొంచెం ఎక్కువ చెప్పలేకపోవడం ఏమిటి?

అప్పుడు ఆడవాళ్ళ చాపల మీద నుంచి చిట్టి లేచి నిలబడింది. మా సభల్లో ఆడపిల్లలు ప్రార్థన గీతానికి తప్ప లేచేవాళ్ళు కాదు. మైక్ మామ ఆ అలవాటు కొద్దీ ఆమె ముందు మైకు పెట్టాడు.

"మేష్టారూ, ఎన్ని ఎర్రపూలు వచ్చాక ఇక తెల్లది రాదని చెప్పవచ్చు?"

"ఎన్ని వచ్చినా చెప్పలేం."

"రాండమ్ అయితే తెల్లది వస్తుందా?"

"వచ్చి తీరుతుంది."

"జెనెరిక్ అయితే?"

"ఎరుపు ఎంతసేపు సాగినా తర్వాత తెలుపుకు దారి ఉంటుంది కనుక, వచ్చి తీరుతుంది. పూల వరస ఆ రెండు రకాల్లో ఏదో ఒకటి అయితే..."

ఆ 'అయితే' ఎవరికీ వినపడలేదు. మైక్ మామ అప్పటికే మైకు తన నోటి దగ్గరికి లాక్కుని, "విన్నారు గదా, తెల్లపూవు వచ్చి తీరుతాదని పెద్దాయన ఎరిక చెప్పినాడు," అని ప్రకటించాడు. హాలంతా చేతులు జోడించింది. మేష్టారు నావైపు తిరిగి, "ఎరిక అంటే?" అని అడిగాడు. నాకు అప్పుడు అర్థమైంది. రామ్‌ధామ్, జన ఎరిక, దండ, కొబ్బరికాయ, ఊపిన చేతులు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. నేను జీవితమంతా ఎవరి మీద యుద్ధం చేస్తున్నానో ఆ సోదివాణ్ణి టికెట్ కొని నేనే రప్పించాను. "అంటే... తెలివిడి," అన్నాను. ఆయన చాలా సంతోషించాడు.

చిట్టి ఇంకా నిలబడే ఉంది. మైకు లేకుండానే మాట్లాడింది, అవ్వవైపు తిరిగి. "అవ్వా, నువ్వు ఒకసారి అడిగి లేచిపోతున్నావు. ఎరుపు రాగానే లేస్తున్నావు. తెలుపు వచ్చి ఉంటే అంత తొందరగా లేచేదానివా? ఇంకోసారి అడిగి ఉండేదానివి కదూ, సరిగ్గా కుదిపారో లేదో అని."

అవ్వ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. చివరికి, "పెద్ద ఊరు పాపా. యాడ పడుకుంటావో, ఏం తింటావో," అంది. ఇన్ని శుక్రవారాల తర్వాత ఆమె నోటి నుంచి అమ్మవారి పేరు లేకుండా వచ్చిన మొదటి కారణం అది. తర్వాత లేచి పూజారి తాతతో, "చెంబు తే," అంది.

హాలు హాలంతా గుడిముందుకు కదిలింది. తాత పొట్లాలు కట్టాడు. అందరికీ చూపించి, అందరి ముందూ కుదిపాడు. అవ్వ కళ్ళు మూసుకుని తీసింది. ఎరుపు. ఇంతకుముందైతే లేచేది. ఈసారి ఎవరో, "వచ్చి తీరుతాదన్నాడు గానీ, ఎప్పుడో చెప్పలే," అన్నారు. మళ్ళీ కుదిపారు. ఎరుపు. "దారి ఉండాది, ఇంకా ఉండాది," అని వటుకౌలా ఆయన జనానికి ధైర్యం చెప్పాడు. (ఏడువేల మైళ్ళ సముద్రం దాటించినా అర్థం కాదనుకున్న సిద్ధాంతాన్ని ఆ ముక్కలో ఆయన సరిగ్గానే చెప్పాడు.) మళ్ళీ ఎరుపు. మేష్టారు నా పక్కన నిలబడి, ఇది శాస్త్రీయంగా ఏమీ నిరూపించదని నాకు చెబుతున్నాడు. నేను వినడం లేదు. నా పెదాలు కదులుతున్నాయి. "తెల్లది, తెల్లది" అంటున్నాను. అది కూడా ఫరవాలేదు, ఎవరికీ వినపడదు. కానీ కిందికి చూసుకుంటే నా చేతులు రెండూ జోడించి ఉన్నాయి. వాటిని విడదీసి జేబుల్లో పెట్టుకుంటుండగా అవ్వ చేతిలో అరిటాకు విచ్చుకుంది. తెల్ల దేవగన్నేరు.

జనం కేక వేయలేదు. ఒక్కసారి ఊపిరి వదిలారు, అంతే. అవ్వ ఆ పూవును చిట్టి జడలో పెట్టి, "పో," అంది. తర్వాత నావైపు చూసి, "నువ్వేంది నాయనా, జేబుల్లో ఏం వెతుకుతాండావు?" అంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నాకు మింగుడుపడనిది ఒక్కటే. చిట్టి సువా వెళుతోంది, మంచిదే. కానీ ఏ కారణంతో వెళుతోంది? తప్పుడు కారణంతో. చెంబు గెలిచింది, సోది గెలిచింది, మైకు గెలిచింది. వచ్చే ఏడు ఇంకో పది ట్రాక్టర్లకు అదే చెంబు కుదుపుతారు. నేను ఈ మాట చిట్టితో అంటే, "వచ్చే ఏడు వాళ్ళు తెలుపు వచ్చేదాకా కుదుపుతారు భయ్యా. ఇక చెంబు ఎవర్ని ఆపుతుంది?" అని అన్నం కలుపుకుంది. మేష్టారు విస్తరి ముందు నుంచి తల ఎత్తి ఆమెను మొదటిసారి శ్రద్ధగా చూశాడు. "మీరు మా క్లాసులోకే కదా వచ్చేది?" అని అడిగాడు. "అలా అని చెప్పలేం," అంది చిట్టి. ఆయన పొలమారేదాకా నవ్వాడు. నేను నవ్వలేదు. ఉద్యమంలో ఉన్నవాళ్ళు అలాంటి సమయాల్లో నవ్వకూడదని నాకో నియమం.

మరునాడు పొద్దున్నే లౌటోకా బస్‌స్టాండులో అందరం నిలబడ్డాం. నాయన రెండుసార్లు డ్రైవరు దగ్గరికి వెళ్ళి టైర్లు చూసి వచ్చాడు. అవ్వ రొట్టెలూ కూరా మూట కట్టి చిట్టి ఒళ్ళో పెట్టింది. దారిలో ఎవరితో మాట్లాడాలో, ఎవరితో మాట్లాడకూడదో చెప్పింది. నేను కిటికీ కింద నిలబడి, రాత్రంతా ఆలోచించి కూర్చుకున్న వాదం మొదలుపెట్టాను. పూవు తెల్లగా రావడానికీ ఆమె చదువుకునే హక్కుకూ ఏ సంబంధమూ లేదనీ, హక్కును ఎవరినీ అడగకూడదనీ, అడిగి తెచ్చుకున్నది రేపు ఎర్రపూవు వస్తే పోతుందనీ చెబుతున్నాను. బస్సు కదిలింది. చిట్టి కిటికీలోంచి సగం బయటికి వంగి, చెయ్యి ఊపుతూ, నావైపే వేలు చూపిస్తూ ఏదో అరుస్తోంది. కళ్ళు చెమర్చాయి నాకు. ఇన్నాళ్ళకు ఒక మనిషి నా వాదాన్ని బహిరంగంగా ఒప్పుకుంటోందనుకున్నాను. నేనూ జవాబుగా చెయ్యి ఎత్తబోయాను. చెయ్యి లేవలేదు. బరువుగా ఉంది. చూసుకుంటే, బస్సు పైకి ఎక్కించమని ఆమె నాకిచ్చిన ఇనప్పెట్టె ఇంకా నా చేతిలోనే ఉంది. బట్టలు, పుస్తకాలు, దుప్పటి, అన్నీ అందులోనే.

ఆ పెట్టెతో నేను వెనక మినీబస్సు పట్టుకుని, నాందీ దాటి, సింగటోకా దాటి, ఆ తీరమంతా ఒళ్ళు హూనం చేసుకుంటూ సువా చేరి, చీకటి పడేలోగా దాన్ని చిట్టికి అందించాను. ఇప్పుడు నాకు వయసు వచ్చింది, చిట్టి లెక్కలు చెప్పి చెప్పి రిటైరయింది. బస్సు వెనక అద్దంలోంచి చూసినట్టుగా ఆ కుర్రవాడు కనిపిస్తుంటాడు, దుమ్ములో నిలబడి, చేతిలో చెల్లెలి పెట్టెతో, వెళ్ళిపోతున్న బస్సుకు హక్కుల గురించి చెబుతూ. వాడి వాదంలో నాకు ఇవాళ్టికీ తప్పు కనిపించదు. మళ్ళీ అక్కడ నిలబడితే అక్షరం మార్చకుండా అదే వాదిస్తాను. కాకపోతే ముందు పెట్టె బస్సెక్కిస్తాను.